గుడిలో కాపురం

స్నానాల తొట్టి పెట్టారు రూబెనన్నయ్యా! ఎక్కడనుకున్నావు? మన గుడిలో, బలిపీఠం దగ్గర. పాస్టరు అయ్యగారు మనవైపు తిరిగి చేతులెత్తి దీవించేవారు చూడు, సరిగ్గా ఆ మెట్టు మీద. తెల్లటి తొట్టి, ఇనప కాళ్లు. పక్కన ఏదో మొక్క, మడతపెట్టిన తువ్వాళ్లు.

నేనేమంటాను? "బాగుందమ్మా" అన్నాను. నా నోటికి అంతకంటే ఎప్పుడొచ్చింది గనక!

లేదు, కూర్చోను. సరేలే, ఆ పెట్టె కాస్త అటు జరుపు, కూర్చుంటాను. ఇవన్నీ పుస్తకాలా? ఆ వృద్ధాశ్రమం గదిలో ఎక్కడ పెట్టుకుంటావయ్యా ఇన్ని? మంచం, బీరువా, ఒక కిటికీ, అంతేగా ఇచ్చేది. రేపు ఎన్నింటికొస్తుంది నీ కూతురు? పదింటికా. అయితే మధ్యాహ్నం భోజనం అక్కడే అన్నమాట.

ఇదిగో, ద్రాక్షరసంలో సగ్గుబియ్యం ఉడికించి తెచ్చాను. మీగడ చిన్న డబ్బాలో వేరే ఉంది. మీ అమ్మ చేసినంత చిక్కగా రాలేదు. ఆవిడ లవంగాలు రెండే వేసేది, నాకు చెయ్యి ఆగదు.

మెల్వానా? ఆఁ, తనే దింపింది. గేటవతల కారులో కూర్చుంది. నీ చెల్లెలి సంగతి నీకు తెలీనిదేముంది! "రేపు వెళ్లిపోతున్నాడే, ఒక్కసారి రా" అన్నాను. "మా అన్న గడప తొక్కనని చెప్పానుగా. నువ్వెళ్లిరా, పది నిమిషాలు" అంది. ఇంజను కూడా ఆపలేదు, వినపడుతోందా?

నాలుగేళ్లయింది మీ ఇద్దరికీ మాటల్లేక. నీ పొలానికీ తన పొలానికీ మధ్య ఒక్క తీగకంచె. నువ్వు కంచె అవతల గొర్రెల్ని తోలుకుంటుంటే తను వంటింటి కిటికీ తెర లాగేసుకుంటుంది. నేను అక్కడే టీ తాగుతూ ఉంటాను. చూస్తూనే ఉంటాను.

నిన్నటి సంగతి చెబుదామనే వచ్చాను. గుడి కొని ఇల్లు చేసుకున్న టాంసిన్ నిన్నూ భోజనానికి పిలిచిందటగా, నడుం బాగాలేదన్నావట. మంచి పిల్లే అన్నయ్యా, నాకామె మీద కోపం లేదు. అడిలైడ్ నుంచి వచ్చి మొగుడూ పెళ్లాం ఏడాదిన్నరపాటు రెక్కలు ముక్కలు చేసుకున్నారు. మొగుడి పేరు జోయెల్. వాళ్లు కొనకపోతే ఏమయ్యేది? ఏ ఎండుగడ్డో నింపేవాళ్లు. పావురాలు ఎలాగూ కాపురం పెట్టాయి. ఇప్పుడు మనుషులు పెట్టారు.

గుమ్మంలో బూట్లు విప్పమంది. నేల కొత్తగా మెరుగు పెట్టించారట. డెబ్భై ఏళ్లు ఆ గుమ్మం బూట్లతోనే తొక్కాం కదూ! మండే పొద ముందు, అది పరిశుద్ధ స్థలమని, మోషే చెప్పులు విప్పాడని ఆదివారపు బడిలో పిల్లలకి నేనే చెప్పేదాన్ని, నాకే ఎప్పుడూ తోచలేదు. దేవుడు ఖాళీ చేసి వెళ్లాక విప్పాం.

నేల వెచ్చగా ఉందన్నయ్యా! కింద వేణ్ణీళ్ల గొట్టాలు పరిపించారట. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పాదాల కింద వేణ్ణీళ్ల సీసా పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని ప్రసంగం వినేది. ఒకసారి ఆ సీసా బిరడా ఊడిపోతే నీళ్లు మీ బెంచీ దాకా పారాయి, నువ్వు ఇంకేదో అనుకుని ఆదివారమంతా నన్ను ఏడిపించావు. నాకప్పుడు ఆరేళ్లు. మర్చిపోయావా? నేను మర్చిపోలేదు.

ఆ పూట పాడే కీర్తనల నంబర్లు పెట్టే గోడ చెక్క ఉంచారు. అందులో మన అంకెలే గుచ్చి ఇంటర్నెట్ పాస్‌వర్డ్ పెట్టారు. లెన్ ఓబ్‌స్ట్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఈ కీర్తన నాకు రాదే" అన్నాడు.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వాను.

ఎవరెవరా? మనవాళ్లే. లెన్, వాళ్ల తమ్ముడు నార్మ్, డల్సీ, మెల్వా, నేను. మిగిలిందే అంతమంది. ఎవరూ చెప్పకుండానే తలొక పళ్లెం వంట తెచ్చాం, సంఘ భోజనానికి తెచ్చినట్టు. పాపం ఆ పిల్ల జున్నుముక్కలూ ఆలివులూ ముచ్చటగా అమర్చుకుంది. మా కేకులకి చోటు లేక ఆఖరికి ఇస్త్రీబల్ల తెరిచింది.

అప్పుడు ఆ పిల్ల గుడి గంట కొట్టింది.

గంట తియ్యలేదన్నయ్యా. తాడు కూడా అదే. "భోజనానికి రండి!" అని సరదాకి లాగింది. మేమంతా అప్పటిదాకా తలొక దిక్కున ఉన్నాం, నార్మ్ మేడమీద పడకగది చూస్తున్నాడు, డల్సీ బీరువాలు తెరిచి చూస్తోంది. గంట మోగింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. నడిచాం. నిలబడ్డాం.

ఎక్కడ నిలబడ్డామో చూసుకుంటే అప్పుడు తెలిసింది. మగవాళ్లు కుడివైపు, ఫ్రిజ్ దగ్గర. ఆడవాళ్లం ఎడమవైపు. మెల్వా పొయ్యి ముందు, అది తన రెండో బెంచీ ఉండే చోటు. డల్సీ ఆ వెనక. నేను అంట్లతొట్టి దగ్గర, నా మూడో బెంచీ చివర, గోడ పక్క. మెల్వా మొగుడు క్లెమ్ ఉండే చోట, పాపం, పోయాడుగా, అంత ఖాళీ వదిలి నార్మ్ నిలబడ్డాడు. ముఖాలన్నీ తూర్పుకి. అందరం చేతులు కట్టుకుని ఆ స్నానాల తొట్టిని చూస్తున్నాం. దాని చుట్టూ పెట్టే అద్దం తలుపులు ఇంకా రాలేదట.

"ఏమైంది? తొట్టిలో ఏమైనా పడిందా?" అంది ఆ పిల్ల కంగారుగా.

ఎవరం చెబుతాం?

జోయెల్ సీసాల బుట్ట తెచ్చి కుడివైపు ముందర దింపబోయాడు. లెన్ ఉలిక్కిపడి, "అక్కడ కాదు నాయనా, అది రూబెన్ చోటు" అన్నాడు. అలవాటులో వచ్చేసింది.

మెల్వా ఊరుకుంటుందా! "గుడి మూయించినవాడికి గుళ్లో చోటెక్కడిది? రావడానికి మొహం చెల్లకే రాలేదు" అంది.

లెన్ అన్నాడూ, "ఓటు చీటీల మీద నేనూ, నార్మూ, డల్సీ ముగ్గురం మూసేద్దామనే రాశాం మెల్వా, బాహాటంగానే చెప్పాం. మాతో కేకు తింటావు, వాడితో మాట్లాడవేం?"

"మీరు ముందే చెప్పి చేశారు. వాడు నా పక్కన నిలబడి, మూయనివ్వనే అని మాటిచ్చి, చీటీ మీద ఇంకోటి రాశాడు. ఏడు చీటీలు. నాలుగు మూయమన్నాయి. మీవి మూడు. ఆ నాలుగోది ఎవరిది? నాదా? చచ్చిపోయిన నా మొగుడిదా? ఇర్మాది అంటారా?"

అందరూ నన్ను చూసి నవ్వారన్నయ్యా.

గట్టిగా నవ్వారు. ఇర్మా రాయడమేమిటి! బలిపీఠం గుడ్డలు ఉతికి గంజిపెట్టే ఇర్మా! ఏ బిడ్డకి ఏ తారీఖున బాప్తిస్మమైందో పుస్తకం తియ్యకుండా చెప్పే ఇర్మా! వాళ్ల ముత్తాత బండిమీద రాళ్లు తోలి కట్టిన గుడి! డల్సీకి నవ్వాగక కళ్లు తుడుచుకుంది.

నేనూ నవ్వాను. అంట్లతొట్టి అంచు పట్టుకుని నవ్వాను.

ఒక్క గుక్క నీళ్లివ్వు.

ఆ శీతాకాలం నీకు గుర్తుందా? ఓటుకి ముందు శీతాకాలం. అందరికీ జ్వరాలు. నువ్వు కూతురి దగ్గరున్నావు. ఒక ఆదివారం, అది అయ్యగారు వచ్చే వారం కాదు, వాక్యం చదవాల్సింది లెన్. నేను ఎప్పట్లాగే ముందే వెళ్లి హీటరు వెలిగించాను. పువ్వులు పెట్టాను. తొమ్మిదిన్నరకి గంట కొట్టాను. ఎవరూ రాలేదు. లెన్‌కీ జ్వరమేనని తర్వాత తెలిసింది.

ఇంటికి పోవాల్సింది. పోలేకపోయాను. గంట కొట్టాక ఆరాధన జరగకపోవడం ఆ గుడిలో ఎప్పుడైనా ఉందా? పుస్తకం తెరిచాను. అయ్యగారు అనాల్సిన దీవెన నేనే అన్నాను. దానికి సంఘం ఇవ్వాల్సిన జవాబూ నేనే ఇచ్చాను. అటు నేనే, ఇటు నేనే. మొదట మెల్లగా చదివాను. తర్వాత ఎందుకో గట్టిగా. కీర్తన ఎత్తుకుంటే రెండో చరణంలో నా గొంతు ఆ రాతిగోడలకి తగిలి నాకే తిరిగొచ్చింది. ఎవరో ముసలావిడ పాడుతోందనిపించింది. ఎవరబ్బా, ఇంత దిక్కులేకుండా పాడుతోంది అనిపించింది.

దేవుడున్నాడుగా అంటావు. ఉన్నాడు. ఆయన ఉన్నాడనే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ అన్నయ్యా, ఆ పూట నాకు పక్క బెంచీలో దగ్గేవాళ్లు ఒకరు కావాలనిపించింది.

అందుకే చీటీ మీద మూయమని రాశాను. మూసేస్తే అందరం పట్నం గుడికి పోతాం, అక్కడ జనం ఉంటారు, అనుకున్నాను.

లెక్కపెట్టాక చీటీలు పొయ్యిలో వేసేశారు. తిరిగొస్తుంటే కారులో మెల్వా ఏడుస్తూ, "నువ్వు కాదుగా?" అంది. "నేనెలా రాస్తానే?" అన్నాను. చూశావా, లేదనలేదు. ప్రశ్న వేశాను. నాలుగేళ్లుగా ప్రతి రాత్రీ ప్రార్థనలో దేవుడికి ఆ ముక్కే చూపిస్తున్నాను, నేను అబద్ధమాడలేదు ప్రభువా, ప్రశ్న వేశాను అని. ఆయన వింటున్నట్టు లేడు.

ఇంతా చేసి పట్నం గుడిలో ఏముంది? రెండొందల మంది. తలుపు దగ్గర అందరూ చెయ్యి కలుపుతారు. "మీరు కొత్తగా వచ్చారా?" అని అడుగుతారు. మొన్న ఆదివారం కూడా అడిగారు.

ఏమిటి, నువ్వు ఆశ్చర్యపోవడం లేదేం?

అవునవును. నీకు తెలుసు. తెలీకపోవడమేమిటి! నీ చీటీ మీద నువ్వేం రాశావో నీకు తెలుసు. మెల్వా, క్లెమ్ ఏం రాశారో తెలుసు. ఇక మిగిలింది ఒక్కదాన్నే. ఆ రోజు లెక్కపెట్టి చదువుతూనే తలెత్తి నావైపు చూశావు. నేను పువ్వులు సర్దుతున్నట్టు నటించాను.

మరెందుకు చెప్పలేదయ్యా? ఒక్కసారి గేటు దగ్గర "నేను కాదే" అన్నావట. తను నమ్మలేదు. ఇంకోసారి గట్టిగా అనొచ్చుగా? "ఇర్మాని అడుగు" అంటే అయిపోయేదిగా?

ఏమన్నావు?

క్లెమ్ పోయాక తనకి నేను తప్ప ఎవరూ లేరనా?

అందుకా! అన్న మీద కోపంతోనైనా బతుకుతుంది గానీ, నేను కూడా లేకపోతే బతకలేదనా?

ఇంకొద్దు, చెప్పకు. నన్ను ఇంకా మంచిదాన్ని చెయ్యకు.

ఇప్పుడూ చెప్పొద్దంటావా? "నేనెలాగూ పోతున్నాను, దాన్ని నువ్వు చూసుకో" అంటావా? అన్నావు. అంటావని తెలుసు నాకు. అసలు నిజం చెప్పనా? ఈ మాట నీ నోట అనిపించుకుందామనే వచ్చాను. సగ్గుబియ్యం కలుపుతూ కూడా అదే అనుకున్నాను. రూబెన్ వద్దంటాడు, నాలుగేళ్లు మోసినవాడు ఇంకాస్త మోస్తాడు, నేను ఏడ్చి తేలికపడి కారెక్కుతాను అని. ఒప్పుకోడానికి వచ్చి కూడా నా పబ్బం గడుపుకుందామనే చూశాను. దేవుడు నన్ను క్షమించాలి.

హారన్ కొడుతోంది. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి.

లే అన్నయ్యా. కర్ర తీసుకో. మెల్లగా. గుమ్మం దాకా వస్తే చాలు. నువ్వు తనతో ఏమీ మాట్లాడక్కర్లేదు. ఊరికే నిలబడి నావైపు చూస్తూ ఉండు. నా మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూడకపోతే నేను కారెక్కి కూర్చుని, వాన పడేట్టుందే అంటాను. నువ్వు చూస్తూ ఉంటే కారు తలుపు తెరవకముందే, కిటికీ దగ్గరే, చెప్పేస్తాను. నాలుగోది నాది అని. అంతేగా. రెండే మాటలు.

వద్దు, చెయ్యి పట్టుకోకు. పట్టుకుంటే వెళ్లలేను.

నన్ను ఇక్కడే వదిలేసి పోతుందా? పోనీ. తను నీ గుమ్మంలోకి వస్తే అంతే చాలు. నేను నడిచి పోతాను. మా ఇల్లు నాలుగు కిలోమీటర్లేగా, దారి తిన్నగానే ఉంటుంది. ఒంటరిగా ఉండటమెలాగో నాకీ వయసులోనైనా రావాలిగా.