గీకేసిన బూజు

చూశారా మీ కొడుకు నిర్వాకం! తండ్రికి అగరొత్తి వెలిగించాలన్న ధ్యాసే లేదు. గుమ్మంలోంచే కేక, "అమ్మా, బూజు పట్టిందా?" అని. ఇరుగుపొరుగు వింటే ఏమనుకుంటారండీ? మా ఇంట్లో బూజా!

మీరు ఫోటోలో కూచుని అంతా చూస్తూనే ఉన్నారుగా, మీరే చెప్పండి. కొత్త సంవత్సరానికి అన్నం దంచి చేసిన మోచి ముద్దలు మీ ముందు పెట్టానా? వాటికి పచ్చగా బూజు పట్టిందా? ఎవరింట్లో పట్టదూ! మన మసుజి ఆ బూజు కాస్త గోకి, గాజు పళ్ళెంలో పెట్టుకుని ల్యాబుకి పరిగెత్తాడు. పరిశోధనట! టోపీ కూడా మర్చిపోయాడు, వెర్రివెధవ.

పండగయ్యాక ముద్దలు దించి వండుకునే రోజు రానే వచ్చింది. ఏం చేస్తాం? అందరూ చేసేదే నేనూ చేశా. బూజు శుభ్రంగా గీకి పొయ్యిలో పడేశా. పండగ ముద్ద కత్తితో కొయ్యకూడదుగా, సుత్తితో పగలగొట్టి, ఎర్రటి అజుకి గింజలతో తీపి జావ కాచా. మీ అమ్మ నేర్పిందేనండీ!

మర్నాడు ఊడిపడ్డాడు. పళ్ళెంలో క్షయ పురుగులు ఆ బూజు దరిదాపులక్కూడా రాలేదట. ఈలోగా ల్యాబులో ఉన్నది కాస్తా పాడైపోయిందట. మిగతాది కావాలట. "గీకేశాను నాయనా" అన్నా. నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

ముందే చెప్పి చావొద్దూ! మిమ్మల్ని మింగిన ఆ దగ్గే మన ఫుసాకోని శానటోరియంలో పడేసింది కదా. చెల్లెలి కోసమే వాడు ఆ పళ్ళాలు పట్టుకు వేళ్ళాడుతున్నాడని నాకు తెలీదా?

రేషను బియ్యం దంచి మళ్ళీ ముద్దలు పెట్టా. తడిగుడ్డ కప్పా. నల్లది పట్టింది, ఎర్రది పట్టింది. వాడొచ్చి చూస్తాడు, "ఇది కాదమ్మా" అంటాడు. జన్మంతా ఇల్లు తుడిచి తుడిచి నడుం పడిపోయినదాన్ని, ఇప్పుడు బూజు పట్టించమని దేవుడికి మొక్కుతున్నా! మీరేనా ఆ దేవుడికి కాస్త చెప్పకూడదూ?

నిన్న ఫుసాకో దగ్గరికి వెళ్ళా. చిక్కి శల్యమైందండీ. "పండక్కి జావ కాచావా అమ్మా?" అని ఆశగా అడిగింది. "బియ్యమెక్కడివే, ఈ ఏడు జావ కాయలేదు" అన్నా.

దానికి చెప్పలేకపోయా. మీకు దాపరికం ఎందుకు? ఆ జావ రెండు గిన్నెలు తాగానండీ. ఎంత బాగుందో!