తాళి ముందు, మేళం వెనుక

చిలకలగూడ అద్దెగదిలో కంప్యూటర్ ‘వంద శాతం పూర్తి’ అనగానే కొత్త పెళ్లికూతురు చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తంటాలతో పెళ్లి వీడియో, ఆమె అమ్మమ్మ ఇంటి ప్లేయర్‌లో ఆడే ఫైలుగా మారింది. భర్త దాన్ని ఆడించాడు.

“ఆగుండ్రి! మీరు తాళి కట్టి లేచినంక గట్టిమేళం మోగుతుందేందీ?”

“మార్చేటప్పుడు సౌండు జెర వెనకబడ్డది.”

“సాఫ్ట్‌వేర్ మొగుడని మురిసిపోతే గిదా పనితనం? కాలు విరిగి పెళ్లికి రాలేకపోయిన అమ్మమ్మ, మేళం లేని తాళి చెల్లదంటది!”

“మళ్ల మారుస్తా. ఇంకో రెండు రోజులు.”

“రేపు చూపిస్తనన్న. మౌలాలిల వాడనంతా పిలిచి కూసుంది ముసల్ది!”

“మరెట్ల?”

ఆమెకు నవ్వు ఆగలేదు.

“రేపు టీవీ సౌండు బంద్ పెడదాం. మంత్రాలు మీరు చదువుండ్రి, మేళం నేను నోటితోని వాయిస్త.”