తలుపేసుకుని పాడిన పాట

వేదిక వెనక ఇరుకు గది. సొంతంగా రాసి పాడిన కొత్త ఆల్బమ్‌ని మొదటిసారి జనం ముందు పాడబోతున్న గాయనికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ పాటలన్నిటికీ గిటార్ వాయించిన ఆమె భర్త మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తీగలు బిగించుకుంటున్నాడు.

“అది కాదు నేనడిగేది. ఆఖరి పాటలో మాటలు విన్నావా, లేదా?”

“మాటలు నీ డిపార్ట్‌మెంటు. నాకు శ్రుతి చెప్పు చాలు. కొంచెం తగ్గించి పాడతావా, రికార్డులో ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే. విన్నావా?”

“ఇందాకట్నించీ ఇదే గోల. కాసేపు కూర్చో తల్లీ. నువ్వలా తిరుగుతుంటే నాకు తాళం తప్పుతోంది.”

“ఆల్బమ్ వచ్చి ఇన్ని రోజులైంది. ఊరంతా విన్నారు. నువ్వు వాయించిన పాట నువ్వు వినలేదంటే ఎవరైనా నమ్ముతారా?”

“ఎందుకు నమ్మరు? నేను వాయించేటప్పుడు నువ్వు లాలలా అని కూనిరాగం తీశావు. మాటలు పాడే వేళకి నన్ను గదిలోంచి తరిమేశావు.”

“నువ్వెదురుగా ఉంటే నాకు గొంతు పెగలదు.”

“అదే మరి. మన పడగ్గదిలో గోడలకి దుప్పట్లు కట్టి, బీరువా అడ్డం జరిపి, స్టూడియో చేసింది నేను. తీరా పాడే వేళకి తలుపు బయట కాపలా కూడా నేనే. పై వాటావాళ్లు కుర్చీ జరిపినా పరిగెత్తి బతిమాలుకున్నాను.”

“కాదన్నానా?”

“అనలేదులే. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టుందట పాట. అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు. మన దుప్పట్లని మెచ్చుకునేవాడు ఒక్కడూ లేడు.”

“అత్తయ్య ఫోన్ చేశారు.”

“అమ్మా? ఎందుకు?”

“ఆ పాట విన్నారట.”

“ఆవిడకి ఫోన్లో పాటలు పెట్టుకోవడం ఎవరు నేర్పారు?”

“మాట మార్చకు. ‘మావాడికి తెలుసా అమ్మాయ్’ అని అడిగారు. అంతే, ఇంకేం అనలేదు. ఇప్పుడు ముందు వరసలో కూర్చున్నారు.”

“కూర్చోనీ. వెనక్కి వెళ్తే ఆవిడకి కనపడదు.”

“నీకు భయంగా లేదూ?”

“ఎందుకు లేదు? రెండో తీగ నిలవట్లేదు. స్టేజీ మీద తెగిందంటే పరువు పోతుంది.”

“నీ తీగ అవతల పెట్టు. నీతో చెప్దామని రోజూ అనుకున్నాను. అన్నం తినేటప్పుడు అనుకున్నాను, పడుకోబోయేముందు అనుకున్నాను. నోటిదాకా వస్తుంది, అప్పుడే నువ్వు ఏ కేబుల్ గురించో ఎత్తుకుంటావు. చివరికి పాటలో రాసేశాను. పాటైతేనైనా వింటావనుకున్నాను. నువ్వు చూస్తే...”

“మేడమ్, హాలు నిండిపోయింది. మొదలుపెడదామా?”

“ఒక్క నిమిషం, వచ్చేస్తున్నాం.”

“సార్, మీరు చెప్పినట్టే ఆఖరి పాటకి మీ వైపు లైటు తీసేస్తున్నాం.”

“సరే బాబూ.”

“నీ వైపు లైటెందుకు తీసేయడం?”

“ఊరికే. నువ్వొక్కదానివే కనిపిస్తే బాగుంటుందని.”

“ఆ పాట వదిలేద్దాం. వేరే ఏదైనా పాడతాను.”

“జనం వచ్చిందే దానికోసం.”

“అంతమంది మధ్య నీకు తెలియడం నాకిష్టం లేదు. ఇక్కడే చెప్తాను, నావైపు చూడు. నేను ఇంట్లోంచి వెళ్లిపోతున్నాను. ఇంకెవరో ఉన్నారని కాదు. నువ్వు చెడ్డవాడివనీ కాదు. ఒకే ఇంట్లో ఉండి ఒంటరిగా మాట్లాడుకుని మాట్లాడుకుని అలిసిపోయాను. పాటలో ఉన్నదంతా ఇదే. వింటున్నావా?”

“వింటున్నా.”

“ఏదో ఒకటి అను.”

“‘గడప దాకా వచ్చాను’ అన్న తర్వాత ఊపిరి తీసుకుంటావు చూడు, అక్కడ నేను ఆగుతాను. తొందరపడకు.”

“ఆ మాట నీకెలా తెలుసు?”

“తలుపు బయట కాపలా ఉన్నది నేనేగా.”

“అంటే అప్పుడే విన్నావా? విని, ఒక్క మాట కూడా అడగలేదా?”

“అడిగితే పాట ఆపేసేదానివి. నువ్వు అంత బాగా ఎప్పుడూ పాడలేదు.”

“నేనంత పాట రాస్తే, నీ జవాబు ఇదా?”

“నాకు మాట్లాడటం రాదని నీకు తెలుసు కదా. పద, పిలుస్తున్నారు.”

“ప్రోగ్రాం అయ్యాక నేను ఇంటికి రాను. అక్క నాకోసం ఒక గది చూసి పెట్టింది.”

“అక్కకి వద్దని చెప్పు. ఆ పడగ్గదిలో పలికినట్టు నీ గొంతు ఇంకెక్కడా పలకదు. పొద్దున నువ్విటు రాగానే నా సామాను అమ్మ దగ్గర పెట్టేసి వచ్చాను.”