లెక్కలోంచి తీసేసిన ఆవు

ఆవు మొహం చూడకుండానే ఆవుల పాల లెక్కలు కట్టే ఉద్యోగం ఆయనది. సాయంత్రం వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, పురుడు పోసుకుని నెల తిరగని భార్య వంటింట్లోంచే అందుకుంది.

"మీ ఆఫీసు మేడమ్ ఫోన్ చేసిందండీ. మీరు ఎత్తట్లేదట. ఆవు ఒకటి తప్పిపోయిందట."

"ఆవు తప్పిపోతే నాకెందుకు ఫోను? నేనేమన్నా కాపరినా?"

"కొట్టంలోంచి కాదట. మీ కంప్యూటర్లోంచట."

"ఓ... అదా. రేపు చూస్తాలే. కాసిని మంచినీళ్లియ్యి."

"ఇస్తాగానీ, ఏమైంది దానికి?"

"ఏం కాలేదు. లెక్కకి పొసగలేదు, తీసేశాను."

"మీరు పరీక్షిస్తున్న ఆ హార్మోన్ సూది దానికి పడలేదా?"

"పడింది."

"పాలు పెరగలేదా?"

"పెరిగాయి. సూది వేసిన వాటన్నిట్లో దానివే ఎక్కువ. ఇవన్నీ నీకెందుకిప్పుడు, కాసేపు పడుకోరాదూ?"

"పొద్దుట్నుంచీ పడుకునే ఉన్నాను. అంత మంచి ఆవుని తీసేస్తే, సూది ఏ మాత్రం పనిచేసిందో ఎలా తేలుతుంది?"

"తేలదు. లెక్క మొత్తం తప్పొస్తుంది."

"తెలిసీ తీసేశారా? ఎందుకండీ?"

"దాని దూడ పోయిందే. ఈనిన మూడోనాడే."

"ఆఁ..."

"పోయినా పాలు ఆగలేదు. కంప్యూటర్లో దాని పాల గీత రోజూ పైకే, పైకే. తాగే నోరు లేదని దానికి తెలీదు."

"దానికి తెలుసు. దాని ఒంటికే తెలీదు."

"నన్నేం చెయ్యమంటావ్? పొద్దస్తమానం ఆ గీత ముందు కూర్చోవాలి. ఇంటికొస్తే నువ్వు తలుపేసుకుని పాలు పిండి పారబోస్తుంటావు. రెండుచోట్లా చూడలేకపోయాను."

"నేను మాత్రం చూడగలిగానా? పాప పోయిన దగ్గర్నుంచి నా రవిక తడవని పూట లేదు. మీరేమో పాప ఊసే ఎత్తరు."

"ఎత్తబోతే నోరు రావట్లేదే."

"నా దగ్గర రాదు, సరే. పాప పుట్టిందని ఆఫీసులో చెప్పారు, పోయిందని చెప్పలేదా?"

"అదీ... ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఆవు సంగతి అయ్యాక మేడమే అడిగింది, పాప ఎలా ఉందమ్మా, పాలు సరిపోతున్నాయా అని."

"అయ్యో... నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? పాలకేం లోటు లేదన్నాను."