సగం రేక

దాలయ్యని, లక్కపని చేసీవోడు. తరిణి మీద, అదే కర్ర తిప్పీ చట్రం మీద, అంకుడు కర్ర బిగించి ఉలి పట్టాడంటే గిన్నయినా బొంగరమైనా గుండ్రంగా వచ్చీయాల్సిందేనంట. ఊరికే వస్తాదేటి, కర్ర తిరగాల కదా. ఇప్పట్లాగ మోటార్లు లేవమ్మా. కర్రకి తాడు చుట్టి అటు లాగు, ఇటు లాగు, అటు లాగు, ఇటు లాగు. ఆ లాగీది ఎవరంటే ఆడి పెళ్ళాం గౌరీసు. పొద్దుట్నుంచి పొద్దోయేదాకా లాగీదంట. ఇరవై ఏళ్ళు లాగిందనుకో. గిన్నె చూసినోళ్ళు మాత్రం దాలయ్య చెయ్యే చెయ్యి అనీవోరు. దాలయ్యా అదే అనీవోడు.

ఏమైందంటే, ఆ ఏడు అమ్మోరి పండక్కి కుంకం గిన్నె చెయ్యమని ఊరోళ్ళు దాలయ్యకి చెప్పారంట. తామర పువ్వులాగ ఎనిమిది రేకలుండాల. చేసినోడే దాన్ని రెండు చేతులా పట్టుకుని, డప్పులు మోగతా ఉంటే ఊరందరి ముందూ గుడికి నడవాల, అదీ మర్యాద. గౌరీసు తాడు లాగతా లాగతా, నాను కూడా ఓ పక్క పట్టుకుంటాను అన్నాదంట. ఈయన నవ్వీసి, తాడు లాగినోళ్ళని ఊరేగిస్తారేటే అన్నాడు. ఆవిడ తాడు పట్టుకుని గిన్నె గుండ్రంగా దిగేదాకా లాగింది, లోపల ఎర్ర లక్క పట్టేదాకా లాగింది, తాడు మేకుకి తగిలించీసి ఎల్లి వంట చేసుకుంది. ఇంక రేకలు చెక్కడమే కదా, దానికి తాడెందుకు అనుకున్నాడు ఈయన.

చెక్కాడు. ఒకటి, రెండు, మూడు, బెమ్మాండంగా వచ్చాయంట. ఏడయ్యాక చూస్తే ఎనిమిదోదానికి చోటు చాల్లేదు. సగం రేకకే ఉంది. ఇదెలాగ అని తిప్పి తిప్పి చూశాడంట. ఇన్నేళ్ళూ రేకలు సమంగా ఎలా వచ్చీవంటే, చెక్కకముందు గౌరీసు గిన్నె అంచు చుట్టూ దారం తిప్పి, ఆ దారాన్ని మూడుసార్లు మడిచి, మడత మడతకీ బొగ్గుతో గీత పెట్టీది. ఈయన గీత చూసుకుని చెక్కీసీవోడు గానీ గీతలెవరు పెడుతున్నారో ఎప్పుడూ అనుకోలేదు. కర్రకే ఉంటాయనుకున్నాడో ఏటో, ఈసారి అవి లేకపోయినా కంటి అందాజుతో చెక్కీసాడు.

తెల్లారితే పండగ. ఇంకోటి చేద్దామంటే ఎండిన కర్ర లేదు, పచ్చి కర్ర పగిలిపోద్ది. రేపు ఊరందరి ముందూ తల ఎక్కడ పెట్టుకోనే అని పెళ్ళాం దగ్గర కూకున్నాడు. కథ ఇక్కడికొచ్చేసరికి అందరూ పాపం అంటారు, నాకైతే అనిపించదు. గౌరీసు గిన్నె తీసుకుని ఏడు రేకలకీ గులాబీ రంగేసింది, అంచులకి పసుపేసింది. ఆ సగం రేక మీద బొటనేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయిందంట.

"ఏడూ నీవి. ఈ సగం నాది. రేపు ఇక్కడ నాను పట్టుకుంటాను" అన్నాది.

పొద్దున్న ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నడిచారు. ఆవిడ బొటనేలు సగం రేకని కప్పీసింది. ఏలు కింద ఏముందో ఎవడికి తెలుస్తాది? గుడిలో పెట్టాక చూశారు గానీ అప్పటికే అందరూ దండం పెట్టీసారు.

అప్పట్నుంచి మా ఊళ్ళో పువ్వు గిన్నెకి ఏడున్నర రేకలే. ఇప్పుడు కరెంటు మోటారొచ్చింది, తాడు లాగీ పని లేదు. మా ఆయనదీ లక్కపనే. మొన్న ఎనిమిదీ నిండుగా చెక్కి, ఎంత బాగుందో చూడవే అని తెచ్చాడు. బాగుంది. నా ఏలెక్కడ పెట్టాలని అడిగాను. మళ్ళీ కొత్త కర్ర తెచ్చుకున్నాడు.