కళ్ళ డాక్టరు పోటీ చేసిన ఏడు

ఎవరు, కళ్ళ డాక్టరా? ఆయన సంగతి ఇప్పుడెందుకొచ్చిందే నీకు? ఓహో, మీ లాయరమ్మ గురించా. ముందు కూర్చో, నువ్వలా నిలబడి అడుగుతుంటే నాకు మెడ పట్టేస్తోంది. అయితే రేపటిలోగా పేరివ్వాలన్నమాట, పోలింగు రోజున మన వీధి బూత్‌లో ఆవిడ తరఫున ఏజెంటుగా కూర్చోడానికి. మీ నాన్నేమో వద్దన్నాడు. "కళ్ళ డాక్టరు మా మామయ్య పేరు పోలీసుల చేతిలో పెట్టినట్టే ఈవిడా నీ పేరు పెడుతుంది" అన్నాడు. అన్నాడా లేదా? అంటాడులే. అప్పటికి వాడికి నాలుగేళ్ళు, వాడికేం తెలుసు, మీ నానమ్మ చెప్పగా విన్నదే.

చూశాలే ఆవిణ్ణి టీవీలో. మాట గడగడా వస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకుంటుందో లేదో కూడా తెలీదు. అధ్యక్ష పదవికి నిలబడేవాళ్ళకి ఆ నోరు ఉండాలి మరి. ఆయనకి లేదు. ఆయన మైకు ముందుకొచ్చి, కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు మొదలెట్టేవాడు. జనం దగ్గేవాళ్ళు. "పై వరస కనిపిస్తోందా అందరికీ?" అనేవాడు, ఆస్పత్రిలో గోడకి తగిలించిన అక్షరాల అట్ట చూపించినట్టే. "పెద్ద అక్షరాలు కదా, కనిపిస్తాయి. ధరలు, రోడ్లు, ఉద్యోగాలు. ఇప్పుడు కింది వరస చదవండి. ఇంటికి తిరిగి రానివాళ్ళ పేర్లు అక్కడున్నాయి." అంతే, చప్పట్లు లేవు, ఈలల్లేవు. అప్పుడు కుర్చీలో ఉన్న పెద్దాయన పదకొండేళ్ళుగా దిగలేదు, ఆయన మీద అంత మాట అన్న మనిషిని అప్పటిదాకా ఎవరూ చూసి ఉండలేదు. మీ లాయరమ్మ కూడా అలాంటి మాటలే అంటోంది, కాదనను. కానీ ఇప్పుడు అన్నాక కూడా ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు. ఏమో, పోవచ్చులే అనుకుంటున్నారు మీరు.

మీ నానమ్మ తమ్ముడు ఆయన ఆస్పత్రి పక్కనే కళ్ళద్దాల షాపులో పనిచేసేవాడు. అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించేవాడు, గోళ్ళల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. ఇంటికొస్తే మీ అత్తని, అదే మా పెద్దదాన్ని, భుజాల మీదెక్కించుకుని ఇల్లంతా తిరిగేవాడు. భోజనానికి కూర్చుంటే లేచేవాడు కాదు మహానుభావుడు, మాటలే మాటలు. "బావా, నువ్వు అచ్చేస్తావు, నేను అద్దాలేస్తా, ఇద్దరం కలిసి ఈ ఊరికి చదవడం నేర్పుదాం" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. నేనప్పుడు ప్రెస్సులో కంపోజిటర్ని కదా. ఒక్కో అక్షరం సీసపు ముక్క, అరల్లోంచి ఏరి వరసగా పేర్చాలి. అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి, అలాగే చదవాలి. ఇప్పటికీ నాకు అలా రాసింది ఇస్తే చదివేస్తా. నీ ఫోన్లో అవన్నీ వద్దులే, చూపించకు.

ఎక్కడున్నాను? ఆ, బూత్‌లు. అప్పుడూ ఇదే పని. ప్రతి బూత్‌లో మనవాడు ఒకడు కూర్చోకపోతే పెట్టెలో ఎవరి ఓట్లు పడతాయో దేవుడికే తెలియాలి. కూర్చుంటామని ముప్పయ్యొక్క మంది ఒప్పుకున్నారు. అందులో మీ నానమ్మ తమ్ముడొకడు. ఎవరికి ఏ బూత్, ఎవరిల్లు ఎక్కడ, ఒకే కాగితం మీద. పోలింగు పొద్దుటిదాకా బయటికి రాకూడదు. దాన్ని అచ్చేయించడానికి డాక్టరు తనే వచ్చాడు ప్రెస్సుకి, మధ్యాహ్నం భోజనాల వేళ, ఓనరు లేనప్పుడు. నా పక్కన స్టూలు మీద కూర్చుని, "ఎనిమిది కాపీలు చాలు, అబ్బాయ్. ఎనిమిదీ నా చేతికివ్వు. తర్వాత ఆ అక్షరాలు విప్పేసి దేని అరలో దాన్ని పడెయ్. ఇక్కడ ముక్క కూడా మిగలకూడదు" అన్నాడు. అలాగేనండీ అన్నా. ఎనిమిది తీసిచ్చా. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని, సంచీలో అడుగున పెట్టుకుని వెళ్ళాడు. అక్షరాలు విప్పేశా. అదీ నిజమే.

పోలింగుకి ఇంకా రెండు రోజులుందనగా పోలీసులొచ్చారు. ఊళ్ళో అన్ని ప్రెస్సులకీ వెళ్ళార్లే, మా ఒక్కదానికే కాదు. అనుమతి లేని కరపత్రాలున్నాయేమోనని అరలు లాగారు, కాగితాల కట్టలు తిరగేశారు. మర్నాడు తెల్లారేసరికి ముప్పయ్యొక్క ఇళ్ళ తలుపులు కొట్టారు. ఒక్క ఇల్లు తప్పిపోలేదు, ఒక్క ఇల్లు పొరపాటున కొట్టలేదు. మీ నానమ్మ తమ్ముడు చెప్పుల్లేకుండా వెళ్ళాడు. ఇరవై రెండు మంది నెలా రెండు నెలలకి తిరిగొచ్చారు, ఏ ఒక్కరూ మునుపటి మనిషి కాదు. తొమ్మిది మంది రానే లేదు. మీ నానమ్మ ఆ చెప్పులు పట్టుకుని స్టేషన్ల చుట్టూ తిరిగింది. చివరికి ఒకడు "ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా" అన్నాడట. ఆ మాట నాకు చెప్పి గోడకి తల కొట్టుకుంది.

డాక్టర్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పోటీ చేసినవాణ్ణి పట్టుకెళ్తే బయటి దేశాలవాళ్ళు అడుగుతారని వదిలేశారు. అదే ఆయన కొంప ముంచింది. ముప్పయ్యొక్క మందినీ పట్టుకెళ్ళారు, ఆయనొక్కడూ ఇంట్లో ఉన్నాడు, ఇంకెవరిచ్చి ఉంటారు పేర్లు? ఊరంతా అదే మాట. ఓడిపోయాక ఒకరోజు మనింటికొచ్చాడు. మీ నానమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "మా తమ్ముడి పేరు నువ్వే ఇచ్చావు కదూ?" అంది. ఆయన దాని వంక చూళ్ళేదు. నా వంక చూశాడు. చాలాసేపు చూశాడే. నేను గోడ వంక చూస్తూ కూర్చున్నా. అప్పుడు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, "నన్ను క్షమించమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆస్పత్రికి ఎవరూ వెళ్ళలేదు. తలుపు తీసుకుని ఖాళీ కుర్చీల ముందు కూర్చునేవాడు. మూడేళ్ళకి పోయాడు. మోయడానికి నలుగురు దొరకలేదంటారు. నేనూ వెళ్ళలేదు.

అలా చూడకు. చెబుతున్నాగా. ప్రెస్సులో గోడకి ఒక ఇనప కొక్కెం ఉండేది. ఏ పని చేసినా ఒక కాపీ ఎక్కువ తీసి దానికి గుచ్చాలి. రేపెవడన్నా వచ్చి తేదీ తప్పుపడింది, పేరు తప్పుపడింది అంటే చూపించడానికి. పద్నాలుగేళ్ళు చేశానే ఆ పని. ఆలోచించి చెయ్యలేదు, చెయ్యి దానంతటది గుచ్చేసింది. ఎనిమిది ఆయనకిచ్చా, తొమ్మిదోది కొక్కేనికి. పోలీసులు పోతూ పోతూ కొక్కెం మీది కట్ట మొత్తం ఊడబీక్కుని పోయారు. నేను చూశా. ఆ కాగితం అందులో ఉందని అప్పుడే గుర్తొచ్చింది నాకు. అద్దాల షాపు మా ప్రెస్సుకి నాలుగు వీధులవతల. పరిగెత్తితే ఐదు నిమిషాలు. వెళ్ళలేదు. రసీదు పుస్తకాలు, ఆహ్వానాలు, వాటి మధ్య వాళ్ళెక్కడ చూస్తార్లే అనుకున్నా. వెళ్ళి చెబితే గుచ్చింది నేనని తెలిసిపోతుంది కదా. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తిన్నా. మీ నానమ్మ పోయేదాకా ఆయన్ని తిట్టింది, ప్రతిసారీ అవునే అన్నా. నీకూ అదే చెప్పేద్దామనుకున్నా ఇందాక. చెప్తే నువ్వు పేరివ్వవు, బతికిపోతావు అనుకున్నా. ఆయన ఎవరి పేరూ ఇవ్వలేదే తల్లీ. నా పేరు కూడా ఇవ్వలేదు.

ఉండు, ఉండు, కళ్ళు తుడుచుకో. మీ నాన్న మెట్లెక్కుతున్నాడు. రారా, ఇదిగో ఈ కుర్చీలో కూర్చో. ఏం లేదురా, డాక్టరు సంగతి అడుగుతుంటే చెబుతున్నా దీనికి. అవును, అదే చెప్పా. వాడే ఇచ్చాడు పేర్లు.