అప్పన్న సెవిలో అయ్య గొంతు

“‘నెలనెలా మీ ఊరే వస్తాం, అప్పన్నకి మందు ఆగదు’ అన్నారట గదా మామ్మా, డాక్టర్ల క్యాంపులో?”

అన్నారు నాయినా, మైకులోనే అన్నారు. మైకులో అన్నమాట ఎప్పుడు నిలబడ్డాది గనక! రెండు నెలలొచ్చినారు. కుర్సీలేసినాం, బొండాలు కొట్టినాం... ఏటి సెప్తన్నాను? ఆఁ, అప్పన్న.

నా తమ్ముడే కదా ఆడు. మా అయ్య సచ్చిపోయిన ఏడే ఆడి సెవిలో అయ్య మాటాడ్డం మొదలెట్టినాడు. “ఒరే, ఉత్తరానికి తిప్పు, వల దించు” అని. దించినారు. పడవ నిండా కోనాం సేపలు! గంపెత్తుకుని అరసవల్లి దాకా నడిసి అమ్మినాను. కిలో ముప్పయ్యే అప్పుడు. కాదు, నలభయ్యో.

ఇంకేటి, మా పడవెక్కంటే మా పడవెక్కని కొట్టుకున్నారు. తరవాత ఎన్నిసార్లు ఒట్టి వలొచ్చినా అయ్యది తప్పనలేదు ఎవులూ. “మనమే సరిగ్గా తిప్పలేదురా” అనుకున్నాం. నేనూ అన్నాను, అబద్దమేల.

అక్కడితో ఆగితేనా? “కూడు తినకు, ఇసం కలిపినారు” అన్నాడు అయ్య. ఓ రోజు నడిసంద్రంలో “దిగిపోరా, నేనిక్కడే ఉన్నాను” అన్నాడు. దిగిపోనాడు. జుట్టట్టుకుని లాగినారు పడవోళ్లు.

అప్పుడు పట్నం తీసికెళ్లినాం. పెద్ద డాక్టరు కాగితం ముందరెట్టుకున్నాడు.

“టీవీ నీ గురించి మాట్లాడుతుందా?”

“కరెంటుంటే కదా బాబూ మాటాడతాది.”

“పోలీసులు నీ వెనక పడుతున్నారా?”

“మేం పిలిసినా రారు బాబూ.”

“బుర్రలో ఎవరైనా మిషను పెట్టారా?”

“పడవకే మిషను లేదు.”

అన్నిటికీ అడ్డగీతలు కొట్టీసి, జబ్బు లేదు పొమ్మన్నాడు. సూడు మరి, మతి పోయినా ఆళ్ల కాగితం ప్రకారమే పోవాల!

క్యాంపుకొచ్చిన డాక్టరమ్మ మంచిది. “ఇదీ ఆ మతి జబ్బే మామ్మా. ఊరికో వేషం కడతాది. అక్కడ పోలీసై వస్తాది, ఇక్కడ అయ్యై వచ్చింది” అంది. మందిచ్చింది. నెల తిరక్కుండా అప్పన్న ఒళ్లో పళ్లెం ఎట్టుకుని తిన్నాడు, వల బాగు సేసినాడు. “అప్పా, అయ్య దూరంగెళిపోనాడే” అని నన్నట్టుకుని ఏడిసినాడు కూడాను.

ఆయమ్మని బదిలీ సేసీసినారు. తరవాతొచ్చిన డాక్టరు ఫోన్లో ఏటన్నాడో తెలుసా? “పెద్దలు పలకడం మీ సంస్కృతి అమ్మా. జబ్బంటే మిమ్మల్ని అవమానించినట్టు.” మర్యాద ఇచ్చీసి మందు ఆపీసినాడు నాయినా! నవ్వకు, నువ్వూ అలాటి మాటలే సదూకున్నావు.

ఇప్పుడు సంద్రంలో సేపల ఏట నిషేధం కదా. పడవలు ఒడ్డునున్నాయి గనక ఆడు బతికున్నాడు. మళ్లీ అయ్య పిలస్తన్నాడట, “రారా” అని. నిన్న పక్కింటోడొచ్చి, “తొలి ఏటకి అప్పన్న బావని పంపు వదినా, కోనాం సూపిస్తాడు” అన్నాడు. సీపురు తీసినాను. నా సీపురు ఎన్నాళ్లు ఆపుతాది?

క్యాంపోళ్లకి నువ్వు రాసే ఆ అర్జీలో సంస్కృతి, గౌరవం అని రాయకు. మందు ఏ రోజు తెస్తారో కాగితమ్మీద సెప్పమని రాయి. జూన్ పద్నాలుగుతో నిషేధం ఆకరు, తెల్లారితే పడవలు దిగిపోతాయి. పద్నాలుగో తారీకు పొద్దుగూకే లోపల సెప్పమను.